కృష్ణయ్య పడని చెట్టు

కంభం సంతలో కాశయ్య దగ్గర పొట్టేలు కొనాలంటే ఓపిక కావాలి. బేరం కుదిరినా ఆయన తాడు వదలడు. కొన్నవాడు ఒక కొస పట్టుకుని లాగుతుంటే ఈయన రెండో కొస గట్టిగా పట్టుకుని, ఆ పొట్టేలు తల్లి ఎలాంటిది, తండ్రి ఎలాంటిది, దాని తోబుట్టువుల్లో ఏది కాలు ఈడ్చింది, ఏది చూపు లేకుండా పుట్టింది, అన్నీ ఏకరువు పెట్టి ఆ తర్వాతే వదులుతాడు. మందలు మేపే ఆ ఊళ్లలో అది పాత పద్ధతి. లోపం చెప్పకుండా తాడు చేతికిస్తే అమ్మినవాడి మందకు అచ్చిరాదని నమ్మకం. మిగతావాళ్లు దాన్ని మొక్కుబడిగా కానిచ్చేస్తారు. "ఏం లోపం లేదులే, తోలుకో పో" అనేసి చేతులు దులుపుకుంటారు. కాశయ్యకు అలా చేతకాదు. అందుకే సంతలో ఆయనకు లోపాల కాశయ్య అని పేరు పెట్టారు. నవ్వుతూ పేరు పెట్టినవాళ్లే మళ్లీ ఏడాది వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వస్తారు.

అలాంటి మనిషి ఇంట్లో నాలుగేళ్లుగా ఒక అబద్ధం దర్జాగా కాపురం చేస్తోంది.

ఆ అబద్ధం కాశయ్య తమ్ముడు కృష్ణయ్యది. కృష్ణయ్యది అంటే ఆయన చెప్పింది కాదు, ఆయన మీద చెప్పింది. కంభం నుంచి గిద్దలూరు పోయే రోడ్డు దిగి నల్లమల వైపు కొంచెం లోపలికి పోతే వాళ్ల ఊరు. ఎండాకాలం వస్తే అక్కడ గడ్డి మాట మరిచిపోవాలి. మేకలకూ గొర్రెలకూ చెట్ల ఆకే దిక్కు. కొమ్మలు కొట్టడంలో కృష్ణయ్యను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. చెట్టు చావకుండా, మంద ఆకలి తీరేలా ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టేవాడు. వేపచెట్టు చిటారుకొమ్మ మీద నిలబడి కింద ఉన్నవాళ్లతో ఎకసెక్కాలాడేవాడు. "నేల మీద జారి పడతానేమో గానీ చెట్టు మీద నుంచి పడే రకం కాదు నేను" అని పదిమందిలో గొప్పలు పోయేవాడు. గొప్పలైనా నిజమే చెప్పేవాడు, ఒక్కసారి కూడా పడలేదు.

ఒకరోజు పొద్దున గొడ్డలి పట్టుకుని వేపచెట్టు కింద నిలబడ్డాడు, ఇంకా ఎక్కలేదు. గొడ్డలి చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి లేవలేదు. అలాగే చతికిలబడిపోయాడు. మూతి ఒక పక్కకు పోయింది. మార్కాపురం తీసుకుపోతే స్కానింగ్ తీసి పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. ఎవరేమన్నా అన్నీ అర్థమవుతాయి.

వాళ్ల నాయనకూ ఇంచుమించు అదే వయసులో అలాగే అయింది. ఆయన తోడబుట్టిన ఆడమనిషికీ అంతే. ఇది మూడోది. కృష్ణయ్య భార్య గురవమ్మ ఆసుపత్రి వరండాలోనే బావగారి కాళ్లు పట్టుకున్నంత పనిచేసింది.

"చెట్టు మీంచి పడినాడని చెప్దాం బావా. ఇంటికి వరసగా పక్షవాతం వస్తాదని తెలిస్తే నా బిడ్డను ఎవురు చేసుకుంటారు? ఆడపిల్ల గదా."

చెట్టుంది, గొడ్డలి దాని కిందే పడి ఉంది. ఊరు మారుమాట లేకుండా నమ్మేసింది. కాశయ్య అవుననలేదు, కాదనలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే మంద వైపు చూస్తూ, మూతి తుడుచుకుంటూ కూర్చునేవాడు. అబద్ధం తన నోటితో తను చెప్పలేదు కదా అని ఆయన ధీమా. నోరు మూసుకుని ఉండటం అబద్ధం కిందికి రాదని ఆయన లెక్క వేసుకున్నాడు. అది ఎంత సౌకర్యమైన లెక్కో మనకెవరికీ తెలియంది కాదు.

కృష్ణయ్య వరండాలో మంచం మీద ఉండేవాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు "పాపం, చెట్టు మీంచి పడి ఇట్ల అయిపోయినాడు" అంటే చాలు, ఎడమచేత్తో మంచం పట్టెను దబదబా బాదేవాడు. "ఈ జబ్బులో కోపం జాస్తి అంట" అని గురవమ్మ సర్దిచెప్పేది. వచ్చినవాళ్లు నిజమేనని తలూపి, టీ తాగి లేచిపోయేవాళ్లు.

ఈలోపు కూతురు నాగమల్లేశ్వరి డిగ్రీ పూర్తి చేసి కంభంలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. పొదిలి దగ్గర శ్రీరాములు అనే మంద ఉన్న ఆసామి కొడుక్కి అడిగారు. పిల్లవాడు నచ్చాడు, పిల్ల నచ్చింది. నిశ్చితార్థం పెట్టుకోవడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడే ఊళ్లోకి రక్తం వాళ్లు దిగారు.

ఊరు వాళ్లకు పెట్టుకున్న పేరు అది. పట్నంలో పెద్దాసుపత్రి నుంచి రమ్య అనే డాక్టరమ్మ, ఆమెతో నర్సు ప్రశాంతి. ప్రశాంతి పరాయిది కాదు, ఆ ఊరి చివర పల్లె పిల్లే. కొన్ని కుటుంబాల్లో పక్షవాతం వరసగా, అదీ చిన్న వయసులోనే ఎందుకొస్తోందో జన్యువుల్లో వెతుకుతామని, దానికి మనిషికి కొంచెం రక్తం చాలని చెప్పారు. చర్చి హాల్లో ఫ్యాన్లూ కుర్చీలూ ఉన్నాయి కాబట్టి పాస్టరు నిత్యానందం ఆ హాలు ఇచ్చాడు.

ఇక శ్రీను టీ దుకాణం దగ్గర ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడారు. రక్తం తీసి అమ్ముకుంటారని ఒకాయన తేల్చేశాడు. పేరు కంప్యూటర్లోకి ఎక్కితే రేపు ఇన్సూరెన్సు వాళ్లు మొహం చూడరని ఇంకొకాయన. తండ్రుల పాపం బిడ్డల మీదికి వస్తుందని బైబిలు వాక్యంలోనే ఉంది, దానికి సూదులెందుకని చర్చి పెద్ద ఒకరు. ఇంటి దేవరకు మొక్కు మర్చిపోతే ఇలాగే అవుతుందని మందల వీధి ముసలమ్మలు. నిత్యానందం మాత్రం ఆదివారం ప్రసంగం ఆపి, "కళ్లజోడు పెట్టుకునేవాళ్లంతా దేవుని మీద నమ్మకం లేక పెట్టుకున్నారా?" అని అడిగి, అందరికంటే ముందు తనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయన్ను చూసి కొందరు వెళ్లారు. వెళ్లినవాళ్లు కూడా రక్తమిచ్చి, మా ఇంట్లో మాత్రం ఎవరికీ లేదని చెప్పి వచ్చారు. పక్షవాతం ఊళ్లో ఉందని అందరూ ఒప్పుకున్నారు. ఏ ఇంట్లోనూ లేదని కూడా అందరూ ఒప్పుకున్నారు.

ప్రశాంతి కాశయ్య ఇంటికొచ్చి అడిగింది. రానంటే బాగుండదని కాశయ్య తన కోడలు ఆదిలక్ష్మిని పంపాడు. ఆయన ఆలోచన ఆయనది. మందను చూడటానికి ఎవరైనా వస్తే బాగా బలిసినదాన్నే ముందుకు తోలుతాం. రక్తం అడిగితే ఇంట్లో గట్టి మనిషిని పంపడమే మర్యాద. ఆదిలక్ష్మి ఇంతవరకూ జలుబు కూడా సరిగ్గా ఎరగదు. కొడుకు శివకృష్ణ చూడటానికి దిట్టంగానే ఉంటాడు గానీ, ట్రాక్టరు దిగితే తలనొప్పి అంటుంటాడు. వాణ్ని పంపి పరువు తీసుకోవడం ఎందుకనుకున్నాడు.

అరగంటలో ఆదిలక్ష్మిని వెంటబెట్టుకుని ప్రశాంతి, డాక్టరమ్మ ఇద్దరూ వచ్చేశారు. ప్రశాంతి నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఈయమ్మ మీ ఇంటి రక్తం కాదు గదా మామా! తర్లుపాడు నుంచి తెచ్చుకున్న పిల్ల. మాకు నువ్వు గావాల, శివకృష్ణన్న గావాల, మల్లేశ్వరి గావాల."

ఇంటిల్లిపాదీ నవ్వారు. కాశయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే డాక్టరమ్మ వరండాలో మంచం వైపు తిరిగి, ఆయనకేమైందని అడిగింది. తలుపు చాటు నుంచి గురవమ్మ కాశయ్య మొహంలోకి చూసింది.

"చెట్టు మీంచి పడినాడమ్మా" అన్నాడు కాశయ్య.

నాలుగేళ్లలో ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. మంచం పట్టె దబదబా మోగింది. డాక్టరమ్మ అయ్యో అంది. దెబ్బ తగిలి వచ్చింది తమ పనిలోకి రాదని చెప్పి లేచింది. ప్రశాంతి మాత్రం లేవకుండా కృష్ణయ్య చేతి వైపే కాసేపు చూసింది.

"వచ్చే శనివారం దాకా చర్చిలోనే ఉంటాం మామా" అని చెప్పి వెళ్లింది.

ఆ రోజు మందను తోలుకుపోయిన కాశయ్యకు అన్నం సయించలేదు. సద్దిమూట విప్పి మళ్లీ కట్టేశాడు. తమ్ముడు బాదిన చప్పుడు చెవుల్లోంచి పోలేదు. ఇన్నాళ్లూ అది జబ్బు కోపమనుకున్నాడు, లేదా అలా అనుకోవడం బాగుందని అనుకున్నాడు. ఆ మాట ఈసారి పరాయివాళ్లు అన్నది కాదు. సొంత అన్న అన్నాడు.

రెండు రోజులకు శ్రీరాములు పొదిలి నుంచి వచ్చాడు. కాబోయే వియ్యంకుడి మందలో ఒక పొట్టేలు మీద ఆయనకు కన్నుంది. నల్లమచ్చలది, కొమ్ములు తిరిగి బలంగా ఉంటుంది. దొడ్డి దగ్గర నిలబడి ఇద్దరూ నవ్వుకుంటూ బేరం కుదుర్చుకున్నారు. శ్రీరాములు తాడు కొస పట్టుకున్నాడు. కాశయ్య రెండో కొస పట్టుకుని అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు.

"దీని తల్లి కడుపున పుట్టినవాటిల్లో రెండిటికి కాళ్లు వణికినాయి బావా. దీనికి లేదు, చూసుకో. అయినా దీని రక్తంలో ఉండొచ్చు. నీ మందలో వాడుకో, దీని చెల్లెళ్లను కొన్నా వాటి జోలికి మాత్రం పోనీయొద్దు."

"తెలుసులే బావా. నువ్వు చెప్తావనే నీ కాడికి వచ్చింది" అని శ్రీరాములు తాడు లాగాడు. తాడు రాలేదు. మళ్లీ లాగాడు. కాశయ్య పిడికిలి విప్పలేదు.

"ఏంది బావా, ఇంకా ఉండాదా?"

పొట్టేలు తోబుట్టువుల లోపం ఇంత వివరంగా చెప్పి, ఇంటి పిల్లను మాత్రం నోరు మూసుకుని ఇవ్వబోతున్నాడు. సిగ్గుతో ఆయన మెడ వంగిపోయింది.

"పొట్టేలు సంగతి కాదు బావా. మా కృష్ణుడు చెట్టు మీంచి పడలేదు. పక్షవాతం. మా నాయనకూ అదే, మా మేనత్తకూ అదే. నీకు చెప్పకుండా పిల్లను ఇయ్యలేను."

శ్రీరాములు తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఇంట్లో మాట్లాడి ఫోను చేస్తానన్నాడు. అప్పుడు కాశయ్య తాడు వదిలాడు. పొట్టేలును ఆటోలో ఎక్కించుకుని శ్రీరాములు వెళ్లిపోయాడు.

ఇంట్లో ఆ సాయంత్రం పొయ్యి వెలగలేదు. గురవమ్మ తిట్టినన్ని తిట్లు తిట్టింది. "నీ మంద బాగుండాలని నా బిడ్డ బతుకు బుగ్గి చేసినావు బావా" అని గుండెలు బాదుకుంది. కాశయ్యకు ఆ మాట చురుక్కుమంది. శివకృష్ణ కూడా "అడగందే ఎందుకు చెప్పినావు నాయనా?" అని విసుక్కుని బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు. నాగమల్లేశ్వరి బడి నుంచి వచ్చి, సంగతి విని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. కాశయ్యను అన్నిటికంటే అదే ఎక్కువ బాధపెట్టింది. తను చెప్పింది తప్పని ఒక్క క్షణం కూడా అనిపించలేదు, చెప్పినందుకు దుఃఖం మాత్రం ఆగలేదు.

శుక్రవారం శ్రీరాములు ఫోను చేశాడు. ఆయన భార్య భయపడుతోందట, వేరే సంబంధం చూసుకోమన్నాడు. పాపం మర్యాదగానే చెప్పాడు. పొట్టేలు బాగా మేస్తోందని, మందలో కలిసిపోయిందని కూడా చెప్పాడు. వచ్చే ఏడాది ఇంకొకటి కావాలన్నాడు. లోపం తెలిసిన పొట్టేలు ఆ ఇంటికి పనికొచ్చింది, ఏ లోపమూ కనపడని పిల్ల పనికి రాలేదు. ఆ ఒక్క ఇంటినే తిట్టుకుని లాభం లేదు. శ్రీరాములు స్థానంలో ఉంటే తనేం చేసేవాడో కాశయ్యే గట్టిగా చెప్పలేకపోయాడు.

"చెప్పినావు, పోయింది. ఊరికి తెలియకపోతే ఇంకోటి చూసుకోవచ్చు. రేపు ఆ చర్చి కాడికి మాత్రం పోవద్దు" అంది గురవమ్మ. ఈసారి తిట్టలేదు, బతిమాలింది.

కాశయ్య వరండా మెట్టు మీద కూర్చుని తల దించుకున్నాడు. పోతే ఊరందరికీ తెలుస్తుంది. రేపు పిల్లను అడిగేవాడు ఎవడూ ఉండడు. పోకపోతే తమ్ముడు బతికినన్నాళ్లూ పడని చెట్టు మీద నుంచి పడుతూనే ఉంటాడు.

లోపలి నుంచి నాగమల్లేశ్వరి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. తండ్రి మంచం పట్టె మీద కూర్చుని ఆయన ఎడమచేతిని ఒళ్లోకి తీసుకుంది.

"నాలుగేళ్ల నుంచి నేను గూడా ఆ మాటే చెప్తావుండా పెదనాయనా. బళ్లో అడిగితే చెట్టు మీంచి పడినాడనే చెప్పినా. ఆ మాట అన్నప్పుడల్లా నాయన ఎందుకు కొడతాడో ఎవురన్నా అడిగినామా? చెట్టెక్కడమే ఆయనకున్న పేరు. దాన్ని గూడా మనమే తీసేసినాం." తల్లి వైపు తిరిగింది. "నాకొచ్చే మొగుడికి నేనే చెప్పుకుంటాలే మా. తెలిసి వచ్చేవాడే రానీ. రేపు నాయన్ను నేను తోలుకపోతా."

కృష్ణయ్య పట్టెను బాదలేదు. కూతురి ఒళ్లో ఉన్న చెయ్యి అలాగే ఉంచాడు. కాశయ్య ఏడ్చేశాడు, ఎవరు చూస్తారోనని కూడా అనుకోలేదు. గురవమ్మ తెల్లవారి మొగుడికి ఉతికిన చొక్కా తనే తొడిగింది.

శనివారం చర్చి హాలు నిండుగా ఉంది. ఆఖరి రోజు కాబట్టి రక్తమిచ్చేవాళ్ల కంటే చూడటానికి వచ్చినవాళ్లే ఎక్కువ. శ్రీను దుకాణం మూసేసి మరీ వచ్చాడు. చక్రాల కుర్చీలో కృష్ణయ్యను తోసుకుంటూ నాగమల్లేశ్వరి, వెనక కాశయ్య, శివకృష్ణ వచ్చేసరికి మాటలు సద్దుమణిగాయి.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి వచ్చి, కావాలంటే పక్క గదిలో మాట్లాడదామని, పేర్లేవీ బయటికి రానివ్వమని మెల్లగా చెప్పింది.

"దాచింది చాలమ్మా, ఈడనే చెప్తా" అన్నాడు కాశయ్య. "ముందు ఒకటి అడగాల. ఈ రక్తం చూసి, మా ఇంట్లో ఇంక ఎవురికి వస్తాదో చెప్తారా?"

"ఇప్పుడే చెప్పలేనండీ. ఇలాంటి కుటుంబాలు చాలా చూడాలి, ఏళ్లు పడుతుంది. మీకే ఉపయోగపడుతుందని మాట ఇవ్వలేను. మీ మనవళ్ల కాలానికి పనికి రావొచ్చు. బీపీ చూపించుకోవడం, పొగ మానడం మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు."

కాశయ్యకు ఆ జవాబు నచ్చింది. లేనిపోని ఆశ పెట్టి ఉంటే లేచిపోయేవాడే. ఇక్కడ ఈమె కూడా ముందే లోపం చెబుతోంది. ప్రశాంతి ముందు శివకృష్ణ చేతికి బీపీ పట్టీ చుట్టింది. చూసి, మళ్లీ చుట్టి చూసింది. "తలనొప్పి ఊరికే రాలేదన్నా. సోమవారం కంభం ఆసుపత్రికి రావాల, బీడీలు ఈడనే పారేసి పోవాల" అంది. శివకృష్ణ చెయ్యి జేబులో బీడీకట్ట మీదికి పోయింది. ఇన్నాళ్లూ కప్పిపెట్టింది కొడుకు నెత్తి మీదే ఉందని కాశయ్యకు అప్పుడు తెలిసింది.

ఆయన లేచి నిలబడ్డాడు. హాలంతా వినేటట్టు చెప్పాడు.

"మా నాయనకు పక్షవాతం వచ్చింది. మా మేనత్తకు వచ్చింది. మా తమ్ముడికీ అదే. వాడు ఏ చెట్టు మీంచీ పడలేదు. చెట్టెక్కితే పడే మనిషి కాదు వాడు. కింద నేల మీద నిలబడి ఉండంగా చెయ్యి పడిపోయింది. చెట్టు మీంచి పడినాడని మేం అబద్ధం చెప్పినాం."

చెప్పేసి, అలవాటు కొద్దీ తమ్ముడి చేతి వైపు చూశాడు. ఆ చెయ్యి లేచింది. బాదుతాడనుకుని ప్రశాంతి బల్ల మీది గాజు గొట్టాలు పక్కకు జరిపింది. కృష్ణయ్య ఆ ఎడమచేతిని నెమ్మదిగా చాపి, అరచెయ్యి పైకి తిప్పి, సూదికి అందేలా బల్ల మీద పెట్టాడు.

వెనక నుంచి శ్రీను గొంతు వినపడింది.

"అదే గదా! కృష్ణయ్య మామ చెట్టు మీంచి పడటమేందని నాకు అప్పుడే అనుమానం."

కృష్ణయ్య మూతి ఒక పక్కకు వంకర తిరిగింది. నాలుగేళ్ల తర్వాత అది నవ్వు అని పోల్చుకోవడానికి కాశయ్యకు కొంచెం సేపు పట్టింది.